నెత్తురు పారే సినిమాలో కుటుంబ విలువలా? కొరియన్ థ్రిల్లర్లలో తండ్రి తీర్చే బాకీ

కొరియన్ యాక్షన్ థ్రిల్లర్ అనగానే సుత్తులు, కత్తులు, ఇరుకు కారిడార్లలో కొట్లాటలు గుర్తొస్తాయి. ఓటీటీల పుణ్యమా అని మన దగ్గర వాటిని చూసేవాళ్లు పెరిగారు. వాళ్లతోపాటు ఒక వాదనా పెరిగింది. "ఇవి కుటుంబ విలువల సినిమాలు" అని ఒకరంటే, "ఇంత నెత్తురు పారాక ఇంకా విలువలేంటి" అని మరొకరు. తమాషా ఏమిటంటే, చాలాసార్లు ఇద్దరూ ఒకే సినిమా గురించి మాట్లాడుతుంటారు.

కుటుంబ విలువలు అన్న మాట కింద మనం రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కన్నవాళ్ల పట్ల పిల్లల బాధ్యత ఒకటి, పిల్లల పట్ల పెద్దల బాధ్యత ఇంకొకటి. కొరియా సంప్రదాయం శతాబ్దాలపాటు మొదటిదాన్ని నెత్తిన పెట్టుకుంది. కొరియన్ థ్రిల్లర్ దాదాపు ఎప్పుడూ రెండోదాని చుట్టూ తిరుగుతుంది. ఈ తేడాను విప్పి చూడటానికి 'ట్రెయిన్ టు బుసాన్' (2016)ను ప్రధాన ఉదాహరణగా తీసుకుందాం. ముగింపుల గురించి దాపరికం లేకుండా మాట్లాడాల్సి ఉంటుంది కాబట్టి, చూడనివాళ్లు ముందు సినిమా చూసి రావడం మేలు.

పాత లెక్కలో బాకీదారు బిడ్డే

కొరియాను ఏలిన జోసాన్ రాజ్యం (1392–1910) చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ పేరిట నడిచే నీతిని రాజ్యాంగంలా పాటించింది. ఆ నీతి సారాంశాన్ని మూడు బంధాలు, ఐదు సంబంధాలుగా చెబుతారు. రాజు–ప్రజ, తండ్రి–కొడుకు, భర్త–భార్య అనేవి మూడు బంధాలు. ప్రతి జంటలోనూ మొదటివారిది పైచేయి. ఐదు సంబంధాల జాబితాలో ఈ మూడింటికి అన్న–తమ్ముడు, స్నేహితులు తోడవుతారు. అక్కడ తల్లిదండ్రులకు, పిల్లలకు మధ్య ఉండాల్సింది ప్రేమ అని రాశారు. కాగితం మీద ప్రేమ రెండువైపులదీ. ఆచరణలో మాత్రం భారమంతా పిల్లల మీదే పడింది. కన్నవాళ్లకు చేయాల్సిన ఆ సేవనే కొరియన్లు 'హ్యో' అంటారు. మనం పితృఋణం అంటామే, దానికి దగ్గరి భావన.

ఆ భారం ఎంతటిదో తెలియాలంటే ఒక పుస్తకం కథ చూడాలి. 1428లో జింజు ప్రాంతంలో ఒక వ్యక్తి కన్నతండ్రిని చంపాడు. ఆ వార్త విని కలవరపడిన సెజోంగ్ రాజు, శిక్ష ఒక్కటే చాలదనుకుని 1434లో 'సంగాంగ్ హేంగ్‌సిల్దో' అనే బొమ్మల నీతిగ్రంథం అచ్చు వేయించాడు. అప్పటికి కొరియన్ లిపి ఇంకా పుట్టలేదు. చదువురాని జనానికి కథ అర్థం కావాలనే బొమ్మలు. అందులోని ఆదర్శపుత్రుల్లో జబ్బుపడ్డ తండ్రికి మందుగా ఇవ్వడానికి తన వేలు కోసుకున్న కొడుకూ ఉన్నాడు. బిడ్డ శరీరం తండ్రికి చెందిందన్నమాట.

ఆ ఛాయ నేటి చట్టంలోనూ కనిపిస్తుంది. దక్షిణ కొరియా శిక్షాస్మృతి 250వ అధికరణ ప్రకారం మామూలు హత్యకు కనీస శిక్ష 5 ఏళ్ల జైలు. తనకు గానీ, తన జీవిత భాగస్వామికి గానీ తల్లిదండ్రులు, తాత అవ్వలు అయ్యేవారిని చంపితే కనీసం 7 ఏళ్లు. ఇది సమానత్వానికి విరుద్ధమన్న వాదనను రాజ్యాంగ న్యాయస్థానం 2013లో తోసిపుచ్చింది. అదే స్మృతిలో, పరువు పోతుందనో పోషించలేమనో పురిటిబిడ్డను చంపితే గరిష్ఠంగా 10 ఏళ్లే అనే అధికరణ దశాబ్దాలపాటు ఉండేది. దాన్ని 2023లో సవరించి తీసేశారు, 2024 ఫిబ్రవరి నుంచి అమలు. పైవాళ్ల ప్రాణానికి ఎక్కువ విలువ, కిందివాళ్ల ప్రాణానికి తక్కువ అన్న పాత తూకం ఇంత ఆలస్యంగా కదిలింది. సినిమా ఆ తూకాన్ని అంతకు చాలా ముందే తిరగేసింది.

బుసాన్ రైల్లో తండ్రి పద్దు

'ట్రెయిన్ టు బుసాన్'ను జాంబీ సినిమాగా, అంటే కాటుతో మనుషుల్ని తమలాగే మార్చేసే నడిచే శవాల కథగా చూసినా లోటేమీ ఉండదు. యోన్ సాంగ్‌హో అంతకుముందు యానిమేషన్ సినిమాలు తీసిన దర్శకుడు. నటులతో తీసిన తొలి పూర్తినిడివి చిత్రమిదే. కొరియాలో కోటి పది లక్షలకు పైగా టికెట్లు తెగాయి. కథ చాలామటుకు సియోల్–బుసాన్ హైస్పీడ్ రైల్లో నడుస్తుంది. ప్రతి మలుపులోనూ ఒక తండ్రి పద్దులో ఖర్చో జమో పడుతుంటుంది. దాన్ని వరసగా చూస్తే దర్శకుడి పనితనం తెలుస్తుంది.

సియోక్‌వూ (గాంగ్ యూ) ఫండ్ మేనేజర్. భార్య బుసాన్‌లో ఉంది, విడాకుల దాకా వచ్చింది. కూతురు సూఆన్, తల్లి అతనితో ఉంటారు. కూతురి పుట్టినరోజుకు వీడియో గేమ్ కొనిచ్చాడు. పాప మాట్లాడకుండా టీవీ వైపు చూస్తుంది. అక్కడ అచ్చంగా అలాంటిదే ఇంకొకటి ఉంది. బాలల దినోత్సవానికి కొనిచ్చింది కూడా అతనే, గుర్తు లేదు. నిమిషం నిడివి లేని ఈ సన్నివేశంలో తండ్రి మొత్తం వ్యవహారం తెలిసిపోతుంది. డబ్బు పెట్టాడు, మనసు పెట్టలేదు. స్కూల్లో పాప పాట మధ్యలో ఆపేసిన వీడియో కూడా చూస్తాడు. మొదలుపెట్టిన పని పూర్తి చేయాలని నీతి చెబుతాడు గానీ, ఆ పాట తనకోసమే నేర్చుకుందనీ, తను రాలేదనే ఆగిపోయిందనీ అతనికి తట్టదు.

రైలెక్కాక తప్పులు పెద్దవవుతాయి. సూఆన్ ఒక ముసలావిడకు సీటిస్తే, ఇలాంటప్పుడు ఎవరి సంగతి వాళ్లు చూసుకోవాలని చెబుతాడు. బామ్మకు ఎప్పుడూ మోకాళ్ల నొప్పులని పాప జవాబు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాప చూపింది అచ్చమైన సంప్రదాయ విలువ, అంటే పెద్దల పట్ల గౌరవం. దాన్ని కాదంటున్నది తండ్రి. పెద్దలు నేర్పాల్సింది పిల్ల నేర్పుతోంది. ఆ తర్వాత అతను గర్భిణి సోంగ్‌క్యోంగ్, ఆమె భర్త సాంగ్‌హ్వా (మా డాంగ్‌సోక్) లోపలికి రాకముందే తలుపు మూసేస్తాడు. దేజాన్ స్టేషన్‌లో తెలిసిన సైనికాధికారితో ఫోన్లో మాట్లాడుకుని, తనూ కూతురూ మాత్రమే తప్పించుకునే దారి చూసుకుంటాడు. మిగతావాళ్లకు చెబుదామని పాప అంటుంది. నాన్నకు తన గురించి తప్ప పట్టదు, అందుకే అమ్మ వెళ్లిపోయింది అని కూడా అనేస్తుంది.

మధ్యలో ఒక ఫోన్‌కాల్ వస్తుంది. ఈ మహమ్మారికి కారణమైన బయోటెక్ కంపెనీని నిలబెట్టింది సియోక్‌వూ సంస్థ నడిపిన లావాదేవీలేనని కింది ఉద్యోగి చెబుతాడు. ఇది నా తప్పా అని ఆ ఉద్యోగి ఏడుస్తాడు. నీ తప్పు కాదంటాడు సియోక్‌వూ. ఆపైన బేసిన్ దగ్గర చేతుల నెత్తురు కడుక్కుంటూ తనే కూలబడి ఏడుస్తాడు. ఇంట్లో చేసిన అన్యాయం, ఆఫీసులో చేసిన అన్యాయం ఒకటేనని అతనికి అక్కడ అర్థమవుతుంది. రెండుచోట్లా తలుపు అవతల ఉన్నవాళ్లు అతని లెక్కలో మనుషులు కాలేదు.

అక్కడి నుంచే యాక్షన్ అసలు పనిలోకి దిగుతుంది. చేతులకు టేప్ చుట్టుకుని, బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుని, సొరంగం చీకట్లో జాంబీలకు కళ్లు కనపడవన్న సంగతి వాడుకుంటూ ముగ్గురు మగవాళ్లు బోగీ తర్వాత బోగీ దాటుతారు. తుపాకులుండవు. ఒక్కో బోగీ ఒక్కో రకంగా దాటాలి కాబట్టి కొట్లాట విసుగనిపించదు. ప్రతి తలుపూ ఒక నైతిక ప్రశ్న వేస్తుంది: తెరుస్తావా, మూస్తావా? చివరికి వీళ్లు చేరుకున్న బోగీలో క్షేమంగా ఉన్న ప్రయాణికులే తలుపు బిగించి లోపలికి రానివ్వరు. కాసేపటి కింద సియోక్‌వూ చేసిన పనే అది. ఆ ఆలస్యంలో, తలుపు కాస్తున్న సాంగ్‌హ్వా ప్రాణం పోతుంది. పోతూ పుట్టబోయే బిడ్డకు పేరు చెప్పి పోతాడు. బిడ్డను చూడకుండానే తండ్రి బాధ్యత తీర్చినవాడు ఒకవైపు, రోజూ చూస్తూ తీర్చనివాడు మరోవైపు.

ముగింపులో సియోక్‌వూకు జాంబీ కాటు పడుతుంది. కూతుర్ని, సోంగ్‌క్యోంగ్‌ను ఇంజిన్‌లో వదిలి తనే దూకేస్తాడు. తండ్రి కోసం వేలు కోసుకున్న కొడుకు కథకు ఇది సరిగ్గా తలకిందుల రూపం. ఇక్కడ ఒళ్లు అప్పగించేది తండ్రి. బుసాన్ సొరంగంలో నడిచొస్తున్న ఇద్దరూ మనుషులో జాంబీలో తెలియక సైనికులు తుపాకులు ఎక్కుపెడతారు. అప్పుడు వినపడేది ఆ స్కూలు పాటే. తుపాకులు పేలవు.

విలన్ పాత్రకు కూడా అదే కొలబద్ద. బస్సు కంపెనీ అధికారి యోంగ్‌సుక్ తను బతకడానికి ఒకరి తర్వాత ఒకర్ని జాంబీల మీదికి తోస్తాడు. చదువుకోకపోతే నువ్వూ వీడిలా అవుతావని ఒక ఇల్లులేని మనిషిని చూపించి సూఆన్‌తో అంటాడు. అలా అనేవాళ్లు చెడ్డవాళ్లని మా అమ్మ చెప్పింది అంటుంది పాప. అదే యోంగ్‌సుక్ చివర్లో మారిపోతూ పసివాడిలా వణుకుతాడు. బుసాన్‌లో అమ్మ ఎదురుచూస్తోంది, ఇంటికి తీసుకెళ్లమంటాడు. అంటే ఇతనికీ కుటుంబ ప్రేమకేం కొదవ లేదు. ఆ ప్రేమ తన ఇంటి గడప దాటకపోవడమే లోటు. సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా పదునుగా తోచిన చోటు ఇదే.

ఈ తండ్రులందరూ ఆలస్యంగా ఎందుకొస్తారు

చేతులు కాలాక ఆకులు పట్టుకునే తండ్రి కొరియన్ తెరమీద ఇంత తరచుగా కనపడటానికి కారణాలు బయటే ఉన్నాయి.

మొదటిది 1997 ఆర్థిక సంక్షోభం. ఆ నవంబర్‌లో ప్రభుత్వం ఐఎంఎఫ్‌ను ఆశ్రయించింది. జీవితాంతం ఉద్యోగం ఖాయమనుకున్న తరం రోడ్డున పడింది. 1998లో జనం దేశం కోసం దాదాపు 227 టన్నుల బంగారం ఇచ్చారు. అందులో పెళ్లి ఉంగరాలు, పిల్లల మొదటి పుట్టినరోజుకు పెట్టిన బుల్లి ఉంగరాలు కూడా ఉన్నాయి. సంపాదించి తెచ్చేవాడే తండ్రి అన్న నిర్వచనం అక్కడ బీటలు వారింది.

రెండోది పనిగంటలు. ఓవర్‌టైమ్, సెలవురోజు పని కలిపి వారానికి 68 గంటల దాకా చేయించుకునే వెసులుబాటు 2018 వరకూ ఉండేది. ఆ జూలైలో పెద్ద సంస్థలతో మొదలుపెట్టి దాన్ని 52కు తగ్గించారు. పిల్ల పాట వినడానికి రాలేకపోయిన సియోక్‌వూ ఆ ముందటి కాలం మనిషి.

మూడోది 2014 ఏప్రిల్ 16. సేవోల్ నౌక మునిగి 304 మంది చనిపోయారు, వారిలో 250 మంది ఒకే హైస్కూల్ విద్యార్థులు. ఉన్నచోటే ఉండమని లోపల ప్రకటనలు వస్తుంటే కెప్టెన్ ముందే బయటపడ్డాడు. రెండేళ్ల తర్వాత వచ్చిన సినిమాలో భయపడాల్సిందేమీ లేదని టీవీలో ప్రభుత్వం నమ్మబలకడం, పెద్దమనిషి మిగతావాళ్లను బలిచేయడం చూసి కొరియన్ ప్రేక్షకులకు ఏది గుర్తొచ్చి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రాజు–ప్రజ బంధం తెగినచోట తండ్రి–బిడ్డ బంధం ఒక్కటే మిగిలింది. దానిమీద మోయలేనంత బరువు పడింది.

రక్తసంబంధం లేనిచోట

ఇక్కడ మరో మెలిక వస్తుంది. కుటుంబం అంటే రక్తసంబంధమేనా అన్న ప్రశ్నకు ఈ సినిమాలు తరచుగా కాదనే చెబుతాయి.

'ద మ్యాన్ ఫ్రమ్ నోవేర్' (2010)లో తాకట్టు దుకాణం నడిపే తేసిక్ (వాన్ బిన్) ఒకప్పుడు ప్రభుత్వ రహస్య విభాగంలో పనిచేశాడు. గర్భవతి అయిన భార్యను పోగొట్టుకుని మనుషులకు దూరంగా ఉంటాడు. పక్కింటి పాప సోమి తల్లి మాదకద్రవ్యాలకు బానిస. ఒకరోజు సోమి దొంగతనం చేసి పట్టుబడి, వీధిలో కనిపించిన తేసిక్‌ను తన తండ్రిగా చూపిస్తుంది. అతను పట్టించుకోకుండా వెళ్లిపోతాడు. తర్వాత సోమి అతనితో అంటుంది: నేనంటే నీకూ సిగ్గే కదా, అయినా నిన్ను ద్వేషించను, నిన్ను కూడా ద్వేషిస్తే నాకు ఇష్టమైనవాళ్లే మిగలరు. ఆ తర్వాత కత్తులతో జరిగేదంతా ఆ ఒక్క నిమిషం మొహం తిప్పుకున్నందుకు పరిహారమే. ఇక్కడ విలన్లు సొంత అన్నదమ్ములు, ఒకరికొకరు ప్రాణం. వాళ్లే ఊరి పిల్లల్ని అవయవాల కోసం అమ్ముతారు. రక్తసంబంధం దానికదే నీతి కాదని ఇంతకన్నా సూటిగా చెప్పలేరు.

'ద హోస్ట్' (2006)లో హాన్ నది ఒడ్డున రాక్షసజీవి నుంచి పారిపోతూ గాంగ్‌దూ కూతురి చెయ్యి అనుకుని వేరే పాప చెయ్యి పట్టుకుని పరుగెడతాడు. తుపాకీలో ఎన్ని గుళ్లు మిగిలాయో తప్పు లెక్కవేసి కన్నతండ్రి చావుకూ కారణమవుతాడు. కూతుర్ని చివరికి కాపాడుకోలేడు. ఆ కూతురు కాపాడిన అనాథ పిల్లాడిని తెచ్చి పెంచుకుంటాడు.

పితృస్వామ్యమా, ఏడుపుగొట్టు సూత్రమా

ఈ సినిమాలమీద ఆక్షేపణలూ బలమైనవే. మొదటిది స్త్రీవాద విమర్శ. మగవాళ్లు కొట్లాడతారు, ఆడవాళ్లు టాయిలెట్‌లో దాక్కుని ఎదురుచూస్తారు. తండ్రి త్యాగంతో చేసిన తప్పులన్నీ కడిగేసుకుంటాడు, ఆ పిల్లను రోజూ చూసుకున్న బామ్మ కథలో తొందరగా మాయమవుతుంది. సాంగ్‌హ్వా ఒకచోట తండ్రులు తిట్లు తింటూ, గుర్తింపు లేకుండా త్యాగాలు చేస్తారని చెప్పే మాట కూడా తండ్రుల తరఫు వకాల్తాలాగే వినిపిస్తుంది. ఇది కాదనలేం.

అవతలివైపు వాదన ముగింపును చూపిస్తుంది. బుసాన్ చేరేది ఒక చిన్నపిల్ల, ఒక గర్భిణి. ఇద్దరికీ చుట్టరికం లేదు, పక్కన మగదిక్కు లేదు. ఇంటిపెద్దగా నమోదు చేయడంలో మగవాడికే ప్రాధాన్యమిచ్చే 'హోజు' విధానాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2005లో తప్పుపట్టింది, 2008 జనవరి 1 నుంచి అది రద్దయింది. అంతకుముందు తండ్రి పోతే తల్లి ఉన్నా పసికొడుకు ఇంటిపెద్ద అయ్యేవాడు. ఆ చరిత్ర తెలిసినవాళ్లకు ఈ ముగింపు పాత ఇంటిని నిలబెట్టినట్టు అనిపించదు. స్వార్థపరుల బోగీ తలుపు తెరిచి జాంబీలను లోపలికి వదిలే పని కూడా సినిమా ఒక ముసలావిడ చేతికే ఇచ్చింది. అక్క చనిపోయిన తీరు చూసి ఆమె చేసిన పని అది. న్యాయమా, ప్రతీకారమా అన్నది దర్శకుడు తేల్చడు.

రెండో ఆక్షేపణ కొరియన్ ప్రేక్షకులదే. బలవంతంగా కన్నీళ్లు పిండే ధోరణిని వాళ్లు 'షిన్పా' అంటారు. జాంబీగా మారుతున్న సియోక్‌వూకు పురిటిబిడ్డను ఎత్తుకున్న క్షణం గుర్తొచ్చే షాట్ దీనికి తరచుగా చెప్పే ఉదాహరణ. అప్పటిదాకా వస్తువులతో, తలుపులతో కథ చెప్పిన దర్శకుడు అక్కడ తెల్లటి వెలుగు, సంగీతం మీద ఆధారపడ్డాడు. ఆ షాట్ లేకపోయినా నష్టం లేదు. కొనసాగింపుగా వచ్చిన 'పెనిన్సులా' (2020) ఇదే విమర్శను ఇంకా గట్టిగా ఎదుర్కొంది.

మూడోది, కొరియన్ల దుఃఖాన్నంతా 'హన్' అనే ఒక్క మాటతో వివరించే అలవాటు. తీరని వ్యథ, కడుపులో దాచుకున్న కసి అని దానికి అర్థం చెబుతారు. పనికొచ్చే మాటే. అయితే దాన్ని జాతి స్వభావంగా చిత్రించడం జపాన్ వలసపాలన కాలంనాటి రాతల ప్రభావమని కొందరు పరిశోధకులు వాదిస్తారు. 1997, 2014లాంటి తారీఖులు చేతిలో ఉండగా పురాతన విషాదం దాకా వెళ్లాల్సిన అవసరం పెద్దగా లేదు.

కడుపుతీపి నేరం వైపు నడిస్తే

కుటుంబ విలువే తప్పుదారి పట్టే కథ 'మదర్' (2009). తల్లి పాత్రలో కిమ్ హేజా. 1980 నుంచి 2002 దాకా సాగిన ఒక పల్లెటూరి టీవీ సీరియల్‌లో తల్లిగా వేసి, దేశానికే అమ్మ అనిపించుకున్న నటి. బుద్ధిమాంద్యం ఉన్న కొడుకు ఒక స్కూలు పిల్ల హత్యకేసులో ఇరుక్కుంటాడు. అతను నిర్దోషి అని నిరూపించడానికి ఊరంతా తిరిగిన తల్లికి, చివర్లో పాత సామాన్లు ఏరుకునే ముసలాయన తను కళ్లారా చూశానంటూ కొడుకే చేశాడని చెబుతాడు. ఆమె అతణ్ని చంపి ఇంటికి నిప్పు పెడుతుంది. పోలీసులు ఇంకో కుర్రాడిని పట్టుకుంటారు, అతనిదీ ఎదగని బుద్ధే. ఆమె జైలుకు వెళ్లి అడిగే ప్రశ్న ఒక్కటే: నీకు అమ్మ లేదా?

అమ్మ ఉంటే వాణ్నీ ఇలాగే కాపాడేది. లేదు కాబట్టి వాడు లోపల. తల్లి ప్రేమనే న్యాయవ్యవస్థగా పెట్టుకుంటే అది లేనివాడి గతేమిటన్నది దర్శకుడు బోంగ్ జూన్‌హో వేసిన ప్రశ్న. బుసాన్ రైల్లోని యోంగ్‌సుక్ జబ్బే ఇక్కడ ఒక దయగల ముఖంతో కనిపిస్తుంది.

ఈ ప్రశ్న సినిమాతో పుట్టింది కాదు. గొర్రెను దొంగిలించిన తండ్రిమీద సాక్ష్యం చెప్పిన కొడుకును ఒకాయన మెచ్చుకుంటే, తండ్రిని కొడుకు, కొడుకును తండ్రి దాచడంలోనే నిజాయితీ ఉందని కన్ఫ్యూషియస్ బదులిచ్చినట్టు ఆయన సూక్తుల గ్రంథంలో ఉంది. కొరియా శిక్షాస్మృతి నేటికీ ఆ దారిలోనే నడుస్తోంది. నేరస్తుడికి ఆశ్రయమివ్వడం 151వ అధికరణ కింద, సాక్ష్యాలు మాయం చేయడం 155 కింద నేరాలు. ఆ పని నేరస్తుడి కోసం అతని బంధువులు గానీ, కలిసి ఉండే కుటుంబ సభ్యులు గానీ చేస్తే శిక్ష లేదని ఆ రెండింటిలోనూ మినహాయింపు ఉంది. మన భారతీయ న్యాయ సంహితలో నేరస్తుడికి ఆశ్రయమిచ్చినా శిక్ష తప్పేది అతని భార్యకో భర్తకో మాత్రమే. 'మదర్'లో తల్లి కొడుకు దుస్తులు కాల్చేసి ఊరుకుని ఉంటే కొరియా చట్టం ఆమెను వదిలేసేది. సాక్షిని చంపడానికి ఏ మినహాయింపూ వర్తించదు.

ఇంటిలోపలి తప్పులకు చట్టం ఇచ్చే ఈ రక్షణ ఇప్పుడు కొంతమేర సన్నబడుతోంది. దగ్గరి బంధువులు ఆస్తి కాజేస్తే శిక్షనుంచి మినహాయించే 328వ అధికరణలోని నిబంధన రాజ్యాంగానికి అనుగుణంగా లేదని న్యాయస్థానం 2024 జూన్ 27న తీర్పిచ్చి, అమలు ఆపేసింది. నష్టపోయిన కుటుంబ సభ్యుడికి కోర్టులో మాట్లాడే హక్కే లేకుండా పోతోందన్నది అందుకు చూపిన కారణాల్లో ఒకటి. బంధువుల్ని దాచినవాళ్లకు ఉన్న మినహాయింపు జోలికి మాత్రం ఆ తీర్పు వెళ్లలేదు.